ఎర్రమట్టి దిబ్బల కాడ గంత బందోబస్తు దేనికి? మన మొరం గుట్టలకు లేదు గదా

నీలగిరి_శీను
మొన్న సెలవులల్ల పిల్లలను తీస్కొని విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వైజాగ్ పోయినం, ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి అన్నీ అయినంక భీమిలి రోడ్డుల ఎర్రమట్టి దిబ్బలు ఉంటయి తప్పక చూడాలె అని లాడ్జి ఆయన చెప్తె ఆటో మాట్లాడుకొని పోయినం. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడుతున్నది, నీడ లేదు. మా చిన్నోడు దిబ్బ మీదికెల్లి జారుతుంటె ఎవరో ఒకాయన విజిల్ ఊదుకుంట ఉరికొచ్చి "దిగండి దిగండి, ఇది జియో హెరిటేజ్" అని ఒకటే కేకలు. నాకు అర్థం కాంది ఒక్కటే, ఎర్ర మట్టే గదా అది? మా మునుగోడు దిక్కు ఏ చెల్కల గడ్డపార ఏసినా గదే రంగు ఎల్తది. మొరం టిప్పర్లు దినాం మా ఇంటి ముందటికెల్లే పోతయి. దేవరకొండ గుట్టకు, రాచకొండ గుట్టలకు లేని బందోబస్తు ఆ మట్టికి ఎందుకు? తెలిసినోళ్ళు జెర సమజయ్యేటట్టు చెప్పండ్రి. ఆటోకు పైసలు బొక్క, ఇంట్ల మాటలు పడుడు వేరే.

క్రషర్_కింగ్
సేమ్ డౌట్ నాకు కూడ. మా కాడ గుట్టకు గుట్ట మాయమైతున్నా అడిగెటోడు లేడు, ఆడ పిలగాడు జారితె విజిల్.

పాలమూరు_పిలగాడు
గుట్టలు మాయం చేసెటోడే వచ్చి అడుగుతుండు సూడుండ్రి 😂 పేరే క్రషర్ కింగ్

క్రషర్_కింగ్
లైసెన్స్ ఉంది తమ్మీ. కంకర లేకుంటె నీ ఇల్లు గాలిల కడ్తవా

గుట్టల_టీచరమ్మ
శీను గారూ, రంగు ఒక్కటే అయినంత మాత్రాన రెండూ ఒకటి కాదు. నేను డిగ్రీ కాలేజీల జాగ్రఫీ చెప్త, కొంచెం పొడుగు రాస్త, ఓపికుంటే చదవండి.

మీ చెల్కల మొరం అంటే అక్కడున్న రాయి అక్కడ్నే చివికి పొడి అయింది. ఇంకా తవ్వితే కింద అదే రాయి తగులుతది. భీమిలి కాడ ఉన్నది అసలు మట్టే కాదు, ఇసుక. సముద్రం ఇసుక. గాలి మోసుకొచ్చి పోసింది. సుమారు 20 వేల ఏళ్ళ కింద, చివరి మంచుయుగం బాగా ముదిరినప్పుడు, నీళ్ళు శానా మటుకు మంచుగా గడ్డకట్టి ఉత్తరాది ఖండాల మీద కూర్చున్నయి. నీళ్ళన్ని అట్ల పోతే సముద్రం ఏమైతది, దిగుతది. ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగింది. అంటే అప్పుడు మీరు భీమిలి కాడ నిలబడితే ముందట అలలు ఉండవు, కిలోమీటర్ల కొద్దీ తేలిన సముద్రం అడుగే, ఎండిన ఇసుకే. గాలి దాన్ని లేపి లేపి కొండల మొదట్లకు తెచ్చి పోసింది. అన్ని పొరలు ఒక్కసారి పడలేదు, అడుగువి ఇంకా పాతవి, మీదివి కొత్తవి.

ఎరుపు తర్వాత వచ్చింది. ఆ ఇసుకల ఒట్టి తెల్ల గింజలే కాదు, గార్నెట్, ఇల్మనైట్ అసొంటి ఇనుమున్న గింజలు కూడ ఉంటయి. వేడి, వాన రెండూ ఉన్న కాలంల ఆ గింజలు చివికి, అందుల ఇనుము తుప్పు పట్టి ఒక్కొక్క రేణువు చుట్టూ పూతలెక్క అంటుకున్నది. ఆ తుప్పునే హెమటైట్ అంటరు. ఇంక ఆ లోయలు, సందులు, నిలువు గోడలు, అవి వాన చేసిన పని. వదులు ఇసుక కాబట్టి ప్రతి వానకాలం కొంచెం కోసుకుంట పోతది. కొన్ని కాడ ఆ గోడలు 30 మీటర్ల దాకా లేస్తయి. ఇసొంటివి మన దక్షిణాసియాల మూడే మూడు చోట్ల ఉన్నయని చెప్తరు, తమిళనాడుల తేరి దిబ్బలు, శ్రీలంకల ఒకటి, మూడోది ఇది. అందుకే 2014ల జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జియో హెరిటేజ్ సైట్, అంటే భూమి చరిత్ర చెప్పే వారసత్వ చోటు, అన్నది.

దేవరకొండ0508
2014. వాళ్ళకు దిబ్బలు వచ్చినయి మనకు రాష్ట్రం వచ్చింది

పాలమూరు_పిలగాడు
@దేవరకొండ0508 😂😂 సమానంగనే పంచిండ్రు

నీలగిరి_శీను
మేడం మంచిగ చెప్పిండ్రు, కానీ గాలి పోస్తె పదంతస్తుల ఎత్తు ఎట్లయితది? మా కాడ గాలిదుమారం వస్తె రేకులు లేస్తయి గానీ గుట్ట పుట్టంగ ఎన్నడు సూడలే.

బోరుబండి
నేను బోర్లు ఏస్త, నల్లగొండ నుంచి ఒంగోలు దాక బండి తిరిగింది, జియాలజీ సదువుకోలే కానీ భూమి లోపలిది రోజు కండ్లతోని సూస్త. శీను అన్నా నువ్వు చేతులకు తీస్కొని సూడలేదు అనుకుంట. మొరం పిడికిల పడితె అందుల గులకరాయి, సన్న పొడి, బంక అన్నీ కలిసి వస్తయి, సైజు పట్టు ఉండదు. గాలి పోసిన ఇసుక జల్లెడ పట్టినట్టు ఒకటే సైజు ఉంటది, ఎందుకంటె గాలికి పెద్దరాయి లేవది, మరీ సన్నది ఇంకెక్కడికో కొట్టుకపోతది, నడిమి సైజే ఒక్క కాడ పడ్తది. ఒడ్డు పొంటి ఇసుక నేలల బోరు ఏస్తె ఇంకో సంగతి తెలుస్తది. మన దగ్గర ఇరవై ముప్పై ఫీట్ల మొరం పోంగనె బండ తగులుతది, కేసింగ్ ఆడికే, ఆ తర్వాత బొక్క ఎట్ల పొడిస్తె అట్లనే నిలబడ్తది. ఆడ కేసింగ్ అడుగు దాక దించాలె లేకుంటె బోరు మొత్తం కూలి పూడుకపోతది, రాడ్లు ఇరుక్కుంటయి. నాకు ఒకసారి అట్ల రాడ్లు పోయినయి, ఆ సంగతి ఇప్పుడు ఎందుకులే.

ఇంకోటి, ఇసుక దిబ్బల కింద నీళ్ళు తియ్యగ ఉంటయి. వాన పడ్డదల్లా కిందికి ఇంకి నిలుస్తది, ఆ మంచినీళ్ళ బరువుకు సముద్రం ఉప్పునీళ్ళు లోపలికి రావు. దిబ్బ తీసేస్తె పక్క ఊరి బాయిలు ఉప్పుగైతయి.

మిర్యాల_మాస్టారు
బోరుబండి చెప్పిన ఆ చివరి ముక్క మీద ఎవరూ మాట్లాడుతలేరు కానీ అసలు ముచ్చట అదే.

గుట్టల_టీచరమ్మ
ఎత్తు గురించి శీను గారు అడిగిండ్రు. ఒక్క దుమారంతోని కాదండి, వేల ఏళ్ళు ఒకే దిక్కు గాలి, అడ్డంగ కొండలు, తరగని ఇసుక, ఈ మూడు ఒక్క కాడ కలిసినయి. కొండలు అడ్డం లేకుంటే లోపలికి చెదిరి పల్చగ పడేది. అయినా మొత్తం చూస్తే పెద్దదేం కాదు, ఒడ్డు పొంటి 5 కిలోమీటర్లు ఉంటది, వెడల్పు కొన్ని కాడ 200 మీటర్లే, ఎక్కువున్న కాడ 2 కిలోమీటర్లు. పోతే మళ్ళ పుట్టదు, ఎందుకంటే ఆ ఇసుక ఇచ్చిన సముద్రం అడుగు ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నది.

భీమిలి_బాబ్జీ
ఏటండీ మా దిబ్బల మీద నల్గొండోళ్ళు ఇంత పెద్ద మీటింగు పెట్టేరు, ఎవడో లింకు పంపితే వచ్చేను. శీను గారు మీరు తప్పు టైములో వెళ్ళేరు, పొద్దున్నే ఆరుకి గాని సాయంత్రం అయిదుకి గాని వెళ్ళాలి, అప్పుడు ఆ రంగు చూడాల. మధ్యాన్నం వెళ్తే ఎవడికైనా మట్టిలాగే కనపడతాది.

టీచరమ్మ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఆ ఇసక సముద్రానికి ఎక్కణ్ణించి వచ్చినాది? వెనకాల కొండల నుంచే. మా కొండలన్నీ ఖొండలైటు అనే రాయి. కైలాసగిరి అదే, డాల్ఫిన్ నోస్ అదే, సింహాచలం కొండ అదే. ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. కోణార్క గుడి కట్టినది కూడా ఆ జాతి రాయే. అందులో గార్నెట్లు ఉంటాయి, ఎర్రగా, గుండుసూది తలకాయంత నుంచి బఠాణీ గింజంత దాకా. కొండ అరిగి గెడ్డల్లో, అంటే వాగుల్లో, కొట్టుకొచ్చి సముద్రంలో పడ్డాది, సముద్రం వెనక్కెళ్తే గాలి మళ్ళీ ఒడ్డుకి తెచ్చినాది. అదీ కథ.

నీలగిరి_శీను
మట్టి కొండమీదికెల్లి సముద్రంలకు పోయి మళ్ళ కొండకే వచ్చింది అంటె, మా తమ్ముడు దుబాయ్ పోయి వచ్చినట్టే ఉంది. ఎర్రగ అయ్యి వచ్చిండు వాడు కూడ 😀

పాలమూరు_పిలగాడు
@భీమిలి_బాబ్జీ అన్నా బీచ్‌ల నల్ల ఇసుక ఉంటది గదా, నేను చిన్నప్పుడు పాత స్పీకర్‌ల అయస్కాంతం తీస్కొని పోయిన, మీసాలు మొలిచినట్టు అంటుకుంది. అదేం ఇసుక?

భీమిలి_బాబ్జీ
అంటుకున్నది మేగ్నటైటు. దాని పక్కనే ఇల్మనైటు కూడా ఉంటాది గాని అది మామూలు అయస్కాంతానికి గట్టిగా రాదు. వానాకాలం పెద్ద అలలు తేలిక ఇసకని లాక్కెళ్ళిపోయి బరువు గింజల్ని ఒడ్డునే వదిలేస్తాయి, అందుకే ఆ టైములో బీచి చారలు చారలుగా నల్లగా అవుతాది.

గుట్టల_టీచరమ్మ
ఇల్మనైట్‌ల టైటానియం ఉంటది, గోడలకు ఏసే తెల్ల పెయింట్‌ల తెల్లదనం దానిదే. గార్నెట్ గరుకు కాగితాలకు పోతది. అదే ఇసుకల ఉండే మోనజైట్‌ల థోరియం ఉంటది, అణుశక్తికి పనికొచ్చే లోహం. అందుకే తీరం ఇసుక మీద అందరి కండ్లు.

క్రషర్_కింగ్
ఆఁ ఇప్పుడు అసలు పాయింట్‌కు వచ్చిండ్రు. విలువ ఉంది కాబట్టి కంచె. హెరిటేజ్ గిరిటేజ్ అంతా పైకి.

గుట్టల_టీచరమ్మ
@క్రషర్_కింగ్ తప్పు. మైనింగ్ కోసమైతే కంచె ఏసి కాపాడరు, కంచె ఏసి తవ్వుతరు.

మిర్యాల_మాస్టారు
😀😀 దెబ్బ

భీమిలి_బాబ్జీ
కాపాడ్డం గురించి నన్నడగండి. కంచె ఉన్నది కొంత ముక్కకే. మిగతాది ఒక పక్క నేవీ వాళ్ళది, ఒక పక్క ఇళ్ళ స్థలాలు. 2024 జూలైలో దిబ్బల పక్కన జేసీబీలు పెట్టి చదును చేస్తన్నారని ఎంత గొడవయ్యిందో పేపర్లలో చూసే ఉంటారు. ఇంక షూటింగులు సరేసరి, చిన్నప్పట్నించి చూస్తన్నాను, ఎవడో హీరో పరిగెడతాడు, వెనకాల యాభైమంది పరిగెడతారు, సాయంత్రానికి వాటర్ బాటిళ్ళు మాకు. అందుకని మీ చిన్నోడి మీద విజిల్ ఊదినాయన మీద కోపం పెట్టుకోకండి శీను గారు, ఆయన ఊదగలిగినది పిల్లల మీదే.

నీలగిరి_శీను
గదే నేను అంటున్న! జేసీబీ మీద విజిల్ ఎందుకు ఊదరు? అందరికి దొరికేది జారే పిలగాడే. చిన్నోడు ఇప్పటికి అడుగుతుండు "డాడీ నేనేం ఇరగ్గొట్టిన" అని.

అమ్రాబాద్_అక్క
మీ పిలగాడు ఇరగ్గొట్టింది ఏం లేదు అనుకోకండి. వాన వెలిసి ఎండినంక దిబ్బ మీద పెచ్చులెక్క సన్న పొర గట్టిపడ్తది. కాలు పడితే ఆ పొర పగులుతది. మళ్ళ వానకు నీళ్ళు ఆ పగులులకెల్లే దిగి కోస్తయి. ఒక్కడైతే ఏం కాదు. సెలవుల్ల వేలమంది జారితే కొత్త కాలువ పడ్డట్టే.

నీలగిరి_శీను
సరె, వాడు జారింది తప్పే అనుకుందాం. కానీ నా మొదటి ప్రశ్నకు జవాబు రాలే. మన గుట్టల సంగతి ఏంది? అది 20 వేల ఏళ్ళదంట, మన రాయి ఎన్నేళ్ళది?

గుట్టల_టీచరమ్మ
మన నల్లగొండ, పాలమూరు గ్రానైట్, నైస్ (గ్రానైట్ అసొంటి చారల రాయి) రాళ్ళు సుమారు 250 కోట్ల ఏళ్ళవి. భూమి వయసే 450 కోట్లు పైచిలుకు. అంటే సగానికంటే ఎక్కువ కాలం చూసినయి. దిబ్బలు నిన్న పుట్టినయి అనుకోవచ్చు వాటి ముందట.

క్రషర్_కింగ్
చూసిండ్రా, ముసలోళ్ళను మనం కంకర చేస్తున్నం 😅

దేవరకొండ0508
ఆ ముసలితనమే మనకు ఫ్లోరైడ్ ఇచ్చింది. గ్రానైట్‌ల ఉన్న ఫ్లోరిన్ గింజలు నీళ్ళల్ల కరిగి బోర్లలకు వచ్చినయి, నల్లగొండల ఈ సంగతి ఎన్నో ఏండ్ల కిందనే బయటపడ్డది, మా మర్రిగూడ దిక్కు వంగిపోయిన మనుషులను చూసినోళ్ళకు రాయి వయసు గొప్ప అనిపియ్యదు. వాళ్ళకు ఇసుక కింద తియ్యటి నీళ్ళు, మాకు బండ కింద విషం. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చినంక కొంచెం నయం.

బోరుబండి
నిజం. ఇంక లోతుకు పొడుస్తె ఇంక ఎక్కువ వస్తది ఫ్లోరైడ్ చాన చోట్ల, అయినా జనం వెయ్యి ఫీట్లు ఎయ్యమంటరు.

పాలమూరు_పిలగాడు
టాపిక్ సముద్రం నుంచి బోరు కాడికి వచ్చింది, ఇగ మన దగ్గర సముద్రం ఏడ దొర్కుతది

అమ్రాబాద్_అక్క
దొర్కుతది, ఎందుకు దొర్కదు. మన్ననూరు ఘాట్ ఎక్కి శ్రీశైలం రోడ్డుల ఫరహాబాద్ దిక్కు పోతుంటే కనపడే బండలు గ్రానైట్ కావు, క్వార్ట్‌జైట్. అంటే ఇసుక గట్టిపడి రాయి అయింది. కొన్ని బండల మీద నీళ్ళు ఆడిన అలల గీతలు ఇప్పటికీ ఉన్నయి, తీరంల కాళ్ళ కింద ఉంటయి చూడండి తడి ఇసుక మీద సన్న సన్న గీతలు, అచ్చం అవే. మా నాయన ఇంటి ముందర పరిచిన బండ మీద కూడ ఉండేవి, మేము ఆ గీతల్ల గచ్చకాయలు పెట్టి ఆడేది. అవి సముద్రం గీతలని డిగ్రీకి వచ్చినంక తెలిసింది.

పాలమూరు_పిలగాడు
అక్కా నువ్వు చెప్పేది నిజమా లేక నల్లమలల సముద్రం ఉండె అని మా తాత చెప్పే కథా

గుట్టల_టీచరమ్మ
నిజమే. కడప బేసిన్ అంటరు దాన్ని, వంద కోట్ల ఏళ్ళకు పైమాట. మన దక్షిణ తెలంగాణ అంచు, నాగార్జునసాగర్, శ్రీశైలం, అమ్రాబాద్, ఇవన్ని ఆ లోతు తక్కువ సముద్రం ఒడ్డు. గ్రానైట్ మీద సముద్రం వచ్చి ఇసుక, బురద, సున్నం పొరలు పరిచింది. హుజూర్‌నగర్, మట్టంపల్లి, మేళ్ళచెర్వు దిక్కు సిమెంట్ ఫ్యాక్టరీలు ఎందుకు అన్ని ఉన్నయి అనుకున్నరు? ఆ సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయే. ఫణిగిరిల బౌద్ధ శిల్పాలు చెక్కింది కూడ సున్నపురాతి మీదనే.

అలల గీతల గురించి ఒక చిన్న ముచ్చట. గీతకు రెండు పక్కల వాలు సమానంగ ఉంటే అలలు ముందుకూ వెనకకూ ఆడిన చోటు. ఒక పక్క నిటారుగ, ఒక పక్క ఏటవాలుగ ఉంటే నీళ్ళు ఒకే దిక్కు పారినయి, నిటారు పక్క ఏ దిక్కు ఉంటే పారుడు ఆ దిక్కు. అమ్రాబాద్ అక్క ఆడుకున్న బండ ఏ రకమో మరి.

అమ్రాబాద్_అక్క
సమానమే మేడం. గచ్చకాయ ఎటూ దొర్లకపోతుండె.

మిర్యాల_మాస్టారు
ఈ జవాబు ఏ జియాలజిస్టు ఇయ్యలేడు 👏

భీమిలి_బాబ్జీ
అయితే మీకు మాకంటే ముందే బీచి ఉందన్నమాట. మా తీరం పుట్టినదే చాలా లేటు. ఇండియా, అంటార్కిటికా ఒకటిగా అతుక్కుని ఉండేవి, 13 కోట్ల ఏళ్ళ కిందట అటూ ఇటూగా విడిపోయేయి, ఆ చీలిన అంచే మా తూర్పు తీరం. మా తూర్పు కనుమల రాళ్ళకి జోడీ రాళ్ళు అంటార్కిటికాలో ఎండర్బీ లాండ్ వైపు దొరుకుతాయి.

పాలమూరు_పిలగాడు
అంటె వైజాగోళ్ళు అంటార్కిటికాతోని విడిపోయిండ్రు, మనం వైజాగోళ్ళతోని విడిపోయినం. వాళ్ళకు అలవాటే

దేవరకొండ0508
నీళ్ళ పంపకం మాత్రం ఇంక తెగలే

మోడరేటర్_నాగన్న
కృష్ణా నీళ్ళ ముచ్చట ఈ థ్రెడ్‌ల వద్దు. పోయినసారి ఏమైందో యాదికుందిగా.

నీలగిరి_శీను
ఇంకో డౌట్ బాబ్జీ అన్నా, ఆర్కే బీచ్‌ల కొన్ని కాడ ఇసుకే లేదు, రోడ్డు పొంటి పెద్ద పెద్ద రాళ్ళు పోసిండ్రు. భీమిలి దిక్కు ఇసుక మస్తుగుంది. ఒక్కటే సముద్రం గదా.

భీమిలి_బాబ్జీ
మా దగ్గర ఇసక నిలబడి ఉండదు, ఏడాది మొత్తం లెక్క చూసుకుంటే దక్షిణం నించి ఉత్తరానికి నడుస్తాది. డాల్ఫిన్ నోస్ దగ్గర పోర్టు గోడలు సముద్రంలోకి కట్టేరు, ఇసక అక్కడ ఆగిపోతాది, ఇవతల ఉన్న ఆర్కే బీచికి రావల్సిన వాటా రాదు గాని అలలు లాక్కెళ్ళడం మాత్రం మానవు. అందుకని పోర్టు వాళ్ళు తవ్విన ఇసకని పైపుల్లో తెచ్చి బీచిలో పోస్తారు. భీమిలి దూరం, పైగా గోస్తని నది అక్కడే కలుస్తాది, ఇసక తెస్తాది. బొర్రా గుహల వైపు నుంచి వచ్చే గోస్తనే.

క్రషర్_కింగ్
సరే నేను ఒకటి అడుగుత. ఒక మామూలు మనిషి ఆ దిబ్బల పక్క ప్లాట్ కొన్నడు, కాయిదాలు సక్కగున్నయి. రేపు హెరిటేజ్ అని ఆపితె వాని పైసలు ఎవరిస్తరు? ఇక్కడ అందరు గుట్ట మంచిది దిబ్బ మంచిది అంటున్నరు, ఎవ్వరి పైసలు పోతలేవు కాబట్టి.

మిర్యాల_మాస్టారు
ప్రశ్న సరైనదే. సమస్య ఎక్కడుందంటే జియో హెరిటేజ్ అని పేరు పెట్టినా దానికి గట్టి చట్టం లేదు. గుళ్ళకు, కోటలకు పురావస్తు చట్టం ఉంది. రాళ్ళకు, దిబ్బలకు విడిగ చట్టం తేవాలని 2022 డిసెంబర్‌ల గనుల శాఖ ఒక ముసాయిదా బిల్లు పెట్టింది, ముసాయిదా దగ్గర ఉన్న సంగతే మనం విన్నది. తీరం కాబట్టి సీఆర్‌జెడ్ (సముద్ర తీరం కాపాడే నిబంధనలు) ఒకటి ఆదుకుంటది, ఇసుక దిబ్బలను దాంట్ల అన్నిటికంటే కట్టుదిట్టమైన కేటగిరీల పెట్టిండ్రు. కానీ దిబ్బ యాడ మొదలై యాడ అయిపోతదో గీత గీసుడు కాడనే లొల్లంతా. ముందు హద్దురాళ్ళు పాతి, తర్వాత ప్లాట్లకు పర్మిషన్ ఇచ్చేదుంటే నువ్వు చెప్పిన మామూలు మనిషి కొనకనే పోతుండె.

క్రషర్_కింగ్
దీనికి ఒప్పుకుంట. ముందుగాల చెప్పాలె.

దేవరకొండ0508
యునెస్కో లిస్టుల వచ్చింది అన్నరు కదా దిబ్బలు?

గుట్టల_టీచరమ్మ
తాత్కాలిక జాబితాల చేరింది, 2025 సెప్టెంబర్‌ల. తిరుమల కొండలు, కేరళ వర్కల కొండచరియలు కూడ అప్పుడే చేరినయి. తాత్కాలిక జాబితా అంటే క్యూల నిలబడ్డట్టు, గుర్తింపు వచ్చినట్టు కాదు. శీను గారికి సంతోషం కలిగే ముక్క ఒకటి చెప్త, అదే జాబితాల అంతకు కొన్ని నెలల ముందు, మార్చిల, మన నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు కూడ చేరినయి. కృష్ణ ఒడ్డున.

పాలమూరు_పిలగాడు
ముడుమాల్ మా అమ్మమ్మ వాళ్ళ ఊరి పక్కనే!! చిన్నప్పుడు ఆ రాళ్ళ మధ్యల దాగుడుమూతలు ఆడినం. విజిల్ ఊదెటోడు లేకుండె అప్పుడు

నీలగిరి_శీను
అంటె నీకు లేదు విజిల్, నా కొడుక్కే ఉంది.

అమ్రాబాద్_అక్క
ముడుమాల్ మనుషులు నిలబెట్టిన రాళ్ళు, దిబ్బలు గాలి పోసినయి, రెండు వేరే వేరే లెక్కలు. ఉత్త గుట్టకు, బండకు విలువ కట్టుడు మన దగ్గర ఇంకా శానా తక్కువ. భూపాలపల్లి దిక్కు పాండవుల గుట్టను జియో హెరిటేజ్ సైట్‌గా గుర్తించిండ్రు, అది ఇసుకరాయి. మన దక్షిణం దిక్కు గ్రానైట్‌కు ఎవరూ రాలే. భువనగిరి ఏకశిల ఉంది, కోట ఉంది కాబట్టి బతికింది. కోట లేని గుట్టల పని క్రషర్ అన్న చేతిల ఉంది.

క్రషర్_కింగ్
అక్కా మళ్ళ నా మీదికే. సరే, రాచకొండ దిక్కు ఒక బండ మీద ఇంకో బండ నిలబడ్డయి ఉంటయి చూడు, వాటిని మటుకు నేను ముట్ట. మా నాయన ముట్టనియ్యలే, నేను కూడ ముట్ట.

గుట్టల_టీచరమ్మ
వాటిని ఎవరూ పెట్టలేదు తెలుసా. గ్రానైట్ లోపల అడ్డం పొడుగు పగుళ్ళుంటయి, వాననీళ్ళు ఆ పగుళ్ళలకు దిగి అంచులు తినేస్తయి, మూలలు ముందుగాల అరిగి గుండ్రంగ అయితయి, చుట్టూ ఉన్న మొరం కొట్టుకపోతే గుండు మీద గుండు మిగుల్తది. శీను గారు, మీ మొరం, ఆ గుండ్లు ఒకే రాయి నుంచి వచ్చినయి, ఒకటి చివికింది ఒకటి మిగిలింది.

నీలగిరి_శీను
మేడం ఇది సమజైంది. దిబ్బల సంగతి కూడ సమజైంది. ఆటో పైసలు మటుకు ఇంక సమజైతలేవు.

బోరుబండి
బస్సుంది కదనే, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి భీమిలి పోయే 900కే ఎక్కితె దిబ్బల స్టాప్ కాడనే దింపుతరు

నీలగిరి_శీను
ముందుగాల చెప్పాలె ఇసొంటివి

పాలమూరు_పిలగాడు
మేము సంక్రాంతి అయినంక పోదామని చూస్తున్నం, మహబూబ్‌నగర్ నుంచే డైరెక్ట్ ట్రైన్ ఉంది ఇప్పుడు. దిబ్బలు కాక ఇంకేం చూడాలె బాబ్జీ అన్నా, రాళ్ళ అసొంటివి?

భీమిలి_బాబ్జీ
మంగమారిపేట వెళ్ళండి, తొట్లకొండకి ఎదురుగా సముద్రం వైపు. అక్కడ రాతి తోరణం ఉన్నాది, అలలు కొట్టి కొట్టి మెత్త భాగం తినేసి గట్టి భాగాన్ని వంపుగా వదిలేసినాయి. గాని ఎప్పుడంటే అప్పుడు వెళ్తే సగం నీళ్ళలో ఉంటాది. అమావాస్యకో పున్నమికో వెళ్ళండి, ఆ రోజుల్లో ఆటు బాగా లోపలికి పోతాది, రాళ్ళన్నీ తేలతాయి. ఏ టైముకో అక్కడి జాలర్లని అడగండి, ఫోన్లో చూసినదానికంటే వాళ్ళ మాట నమ్మండి. రాళ్ళ మీద నాచు ఉంటాది, చెప్పులు జారతాయి. తోరణం పైకి ఎక్కకండి.

పాలమూరు_పిలగాడు
ఎక్కితె విజిలా

భీమిలి_బాబ్జీ
అక్కడ విజిల్ ఊదడానికి ఎవడూ లేడండి, అందుకే చెప్తన్నాను

అమ్రాబాద్_అక్క
నేను కూడ వస్త. సంక్రాంతి అయినంక అమావాస్య ఏనాడో చూసి చెప్పు, లీవ్ పెట్టాలె.